యుగంధర్ మిరప యార్డుకు రావాలి

తెనాలిలో పుట్టిన కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌కు తెలుగు తెర ఇంతవరకు ఒక స్థిరమైన ముఖం ఇవ్వలేదు. అద్దె పుస్తకాల షాపుల్లో పావలాకో అర్ధరూపాయికో తెచ్చుకుని, పాఠ్యపుస్తకం చాటున పెట్టుకుని చదివిన తరాలకు యుగంధర్, అసిస్టెంట్ రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు ఇంట్లో మనుషులంత పరిచయం. అయినా ఆ పేరు వినగానే కళ్ళముందు మెదిలే నటుడంటూ ఎవరూ లేరు. బెంగాలీలది వేరే కథ. సత్యజిత్ రాయ్ తాను రాసిన ఫెలూదాను 1974లో ‘సోనార్ కెల్లా’తో తానే తెరకెక్కించాడు. 1932లో శరదిందు బందోపాధ్యాయ మొదలుపెట్టిన వ్యోమకేశ్ బక్షీని 1993లో బాసు చటర్జీ దూరదర్శన్ సీరియల్‌గా దేశమంతటికీ చూపించాడు. 2015లో దిబాకర్ బెనర్జీ అదే పాత్రను తీసుకుని 1943 నాటి కలకత్తాలో, జపాన్ బాంబుల భయం మధ్య, ఇంకా చేయి తిరగని కుర్రవాడిగా కొత్తగా మలిచాడు. ఇప్పుడు తెలుగులోనూ ఓటీటీల పుణ్యమా అని అపరాధ పరిశోధన కథలకు గిరాకీ పెరిగింది. ఇవాళో రేపో ఎవరో ఒకరు యుగంధర్ జోలికి వస్తారు. వచ్చినప్పుడు ఆయనకు ఏ కోటు తొడగాలి, ఏ కారు ఎక్కించాలి అన్న చర్చతోనే సరిపెట్టుకుంటే అవకాశం చేజారినట్టే. పాత డిటెక్టివ్‌ను కొత్తగా చేయడమంటే ఆయన ఎవరిని అనుమానిస్తాడు, ఏ నేరాన్ని నేరంగా గుర్తిస్తాడు అన్నవి మార్చడం. ఆయన ఆలోచించే పద్ధతిని మాత్రం ముట్టుకోకూడదు.

షెర్లాక్ హోమ్స్ చరిత్ర చూస్తే ఇది తేటపడుతుంది. హోమ్స్ అనగానే గుర్తొచ్చే చెవుల టోపీ, కథలకు బొమ్మలు వేసిన సిడ్నీ పాజెట్ పెట్టింది. వంకర పైపు నాటకాల్లో హోమ్స్ వేషం కట్టిన విలియమ్ గిలెట్ పుణ్యం. మనం అసలు రూపమని నమ్ముతున్నదాంట్లోనే ఇతరుల చేయి అంత ఉంది. కాలం మార్చడమూ కొత్త కాదు. బాసిల్ రాత్‌బోన్ నటించిన చిత్రాల్లో 1942 నుంచి వచ్చినవాటిలో హోమ్స్ గుర్రబ్బండ్ల లండన్ వదిలేసి రెండో ప్రపంచ యుద్ధంలోకి వచ్చి నాజీలను పట్టుకున్నాడు. 2010లో బీబీసీ ‘షెర్లాక్’ మొదలుపెట్టినప్పుడు ఆ తయారీదారులకు చరిత్రే ఒక వరం ఇచ్చింది. 1887 నాటి మొదటి నవలలో డాక్టర్ వాట్సన్ అఫ్గానిస్తాన్ యుద్ధంలో గాయపడి లండన్ చేరతాడు. నూటపాతికేళ్ళ తర్వాతి వాట్సన్ కూడా అఫ్గానిస్తాన్ నుంచే గాయంతో తిరిగివస్తే ప్రేక్షకుడికి ఎక్కడా ఎబ్బెట్టుగా అనిపించలేదు. ఉత్తరాల బదులు సెల్‌ఫోన్ సందేశాలు, డైరీ బదులు బ్లాగు వచ్చాయి. 2012లో అమెరికాలో వచ్చిన ‘ఎలిమెంటరీ’ హోమ్స్‌ను న్యూయార్క్ తీసుకెళ్ళి, వాట్సన్‌ను స్త్రీగా మార్చింది. ఇన్ని మార్పుల్లోనూ నిలిచినది ఒకటే: కనిపించిన చిన్న ఆనవాలును వదలకుండా, దాని నుంచి వరస తప్పకుండా ఆలోచించి, రుజువైన తర్వాతే వేలెత్తి చూపడం.

అయితే ఆ పద్ధతిని హోమ్స్‌ను సృష్టించిన కోనన్ డాయిల్ కూడా ప్రతిసారీ పాటించలేదన్నది దాచాల్సిన సంగతి కాదు. 1890 నాటి ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో అండమాన్ దీవుల మనిషి టోంగాను ఆయన మనిషిగా రాయలేదు. విషపు బాణాలు ఊదే జంతువుగా చిత్రించాడు. ఆ మనిషి జాతే అతని నేరానికి సాక్ష్యమైపోయింది. ప్రతి మట్టి మరకనూ ప్రశ్నించే హోమ్స్, పుస్తకంలో చదివిన ఆ జాతి వర్ణనను మాత్రం ప్రశ్న లేకుండా ఒప్పేసుకుంటాడు. బీబీసీ వాళ్ళు 2014లో ఆ నవలను ఆధారం చేసుకుని తీసిన భాగంలో టోంగా లేడు. కథను ఒక పెళ్ళి విందులోకి, బ్రిటిష్ సైన్యంలోని పగల్లోకి మళ్ళించారు. మూలానికి అపచారం జరిగిందని ఎవరైనా అంటే, హోమ్స్ పద్ధతికి మాత్రం అక్కడ న్యాయం జరిగిందని నేనంటాను. అదే సీరియల్‌లో 2010 నాటి ‘ది బ్లైండ్ బ్యాంకర్’ చూడండి. సెల్‌ఫోన్లు, బ్యాంకు అద్దాల మేడలు, అంతా కొత్తే. కానీ విలన్లు మాత్రం సర్కస్ వేషాల చైనా స్మగ్లర్లు, వందేళ్ళ కిందటి చవకబారు నవలల్లోంచి నడిచొచ్చినవాళ్ళు. ఒకే బృందం, ఒకే నటుడు. ఒక భాగంలో డిటెక్టివ్ నిజంగా కొత్తవాడయ్యాడు, ఇంకో భాగంలో సామాను మాత్రమే మారింది.

ఇది ఇంగ్లండ్ సంగతి కదా, మనకెందుకు అనుకోవడానికి లేదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప నేలల మీద నేరం గురించి తెలుగు తెర ఏం చూపించిందో ఒకసారి తరచి చూస్తే వెంటనే వచ్చే పేరు స్టూవర్టుపురం. బాపట్లకూ చీరాలకూ మధ్య ఉన్న ఆ ఊరు 1913-14 ప్రాంతంలో, నేరస్థ తెగల చట్టం నీడలో, సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించిన సెటిల్‌మెంట్‌గా ఏర్పడింది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన ఆ చట్టం కొన్ని కులాల్లో, తెగల్లో పుట్టినవాళ్ళను పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టింది. హాజరు పట్టీలు, అనుమతి లేకుండా ఊరు దాటకూడదన్న ఆంక్షలు మోసినవాళ్ళలో ఎరుకల కుటుంబాలు ఎన్నో. 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయింది, పేరుకు అంటిన మచ్చ పోలేదు. 1991లో యండమూరి వీరేంద్రనాథ్ దర్శకత్వంలో చిరంజీవి నటించిన ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’ ఆ పేరుకున్న భయాన్ని ఆకర్షణగా వాడుకుంది. 2023లో రవితేజ ‘టైగర్ నాగేశ్వరరావు’ ఆ ఊరి మనిషిని నాయకుణ్ణి చేసింది, పోలీసుల దౌర్జన్యాన్నీ చూపించింది. కానీ దొంగతనమే ఆ ఊరి గుర్తింపు అన్న మాటను రెండూ దాటలేదు. హేమలతా లవణం లాంటివాళ్ళు ఆ ఊళ్ళో ఏళ్ళ తరబడి చేసిన సంస్కరణ కృషికి దక్కని వెలుగు దోపిడీ కథలకు దక్కింది. పుట్టుకను బట్టి కాక సాక్ష్యాన్ని బట్టి తీర్పు చెప్పే డిటెక్టివ్ ఈ నేలకు ఎంత అవసరమో ఈ ఒక్క ఊరి చరిత్ర చాలు చెప్పడానికి. రేపు యుగంధర్ ఈ ప్రాంతంలో ఒక కేసు చేపడితే, దొంగతనం జరగ్గానే పోలీసు జీపు స్టూవర్టుపురం వైపు మళ్ళించే అలవాటును ఆయన ముందు ఆపాలి.

మరి ఆయన చూపు ఎటు మళ్ళాలి? గుంటూరు మిరప యార్డులో పొద్దున్నే టిక్కీలు (మిరప బస్తాలు) దించుతుంటే ఒక గంట నిలబడితే చాలు. మచ్చు కోసం టిక్కీకి చిల్లి పెట్టి గుప్పెడు కాయలు తీస్తారు. రంగు, తొడిమ, తేమ చూసి ధర కడతారు. పైన తేజ రకం మేలు కాయ, మధ్యలో తాలు దాచిన బస్తా ఉంటుంది. తూకం పెరగడానికి నీళ్ళు కొట్టిన బస్తా ఉంటుంది. మంచి కాయకు తేమ ఉందని వంక పెట్టి రేటు తెగ్గోసిన బేరమూ ఉంటుంది. సరుకు ఎవరికి అమ్మాలన్నది చాలాసార్లు నాట్లప్పుడు ఎవరి దగ్గర అప్పు తీసుకున్నాడన్న దాన్నిబట్టే తేలిపోతుంది. లెక్కంతా తెల్ల చిట్టీ మీద ఉంటుంది. అక్కడి నుంచి కోల్డ్ స్టోరేజీకి వెళితే ఒక్కో బస్తా ఒక బాండు కాగితంగా మారుతుంది. ఆ కాగితం మీద బ్యాంకు అప్పు పుడుతుంది. కాగితంలో ఉన్న బస్తాలు గదిలో ఉన్నాయా అన్నది ఎంత పెద్ద ప్రశ్నో ఆలోచించండి. అపరాధ పరిశోధకుడికి ఇంతకంటే సారవంతమైన చోటు ఎక్కడ దొరుకుతుంది?

విత్తనాల సంగతి ఇంకా చిక్కు. మొక్క ఏపుగా పెరిగి కాపు పట్టలేదని రైతు గగ్గోలు పెడతాడు. విత్తనం నకిలీదా? బొబ్బ తెగులు ఆకుల్ని ముడిచేసిందా? లేక 2021-22 సీజన్లో ఆంధ్ర, తెలంగాణ మిరప తోటల్ని ఊడ్చిపెట్టిన నల్ల తామర పురుగు పూతను తినేసిందా? లాం ఫారం పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు వచ్చి చూసేనాటికి మొక్కకు రెండుమూడు జబ్బులు కలిసి ఉంటాయి, ఏది ముందు వచ్చిందో తేల్చడం గగనం. విత్తన ప్యాకెట్టు మీదుండే లాట్ నంబరే అసలు ఆనవాలు. అది ఎప్పుడో పొలంగట్టున గాలికి పోయి ఉంటుంది. నారు నర్సరీ నుంచి తెచ్చుకుంటే ప్యాకెట్టు రైతు కంటపడే ఉండదు, బిల్లూ ఉండదు. కౌలు రైతైతే పొలం తానే సాగు చేశానని నిరూపించుకోవడమే ముందు పెద్ద కేసు. పత్తిలో అనుమతి లేని, కలుపు మందును తట్టుకునే విత్తనాలు ఊరూపేరూ లేని ప్యాకెట్లలో చేతులు మారుతున్నాయి. కొన్నవాడికి తెలుసు, అమ్మినవాడికి తెలుసు, కాగితం మీద మాత్రం ఎవరికీ తెలియదు. గెలుపు గుర్రాల చోరీ గురించి, రాజుగారి ఫొటో గురించి హోమ్స్ కథలు చదివి మురిసిపోయే మనం, ఒక జిల్లా మొత్తం అప్పుల్లోకి జారిపోయిన నేరాన్ని కథగా చూడలేకపోవడం తెలుగు రచనలోని లోటేనని నా అభిప్రాయం.

శవం లేని కథను ఎవరు చూస్తారన్నది మొదటి అభ్యంతరం. హోమ్స్ పేరు నిలబెట్టిన తొలి కథల్లోనే దీనికి జవాబుంది. 1891లో వచ్చిన ‘ఎ స్కాండల్ ఇన్ బొహీమియా’లో హత్య లేదు. అదే ఏడు వచ్చిన ‘ది రెడ్ హెడెడ్ లీగ్’లో ఎర్ర జుట్టు ఉన్నవాడికి ఊరికే జీతం ఇచ్చి విజ్ఞాన సర్వస్వాన్ని కాపీ రాయిస్తారు. ఎందుకన్న ఒక్క ప్రశ్న బ్యాంకు కింద తవ్విన సొరంగం దాకా తీసుకెళుతుంది. అర్థం కాని చిన్న విషయం చాలు, మనిషి కూర్చుని చూస్తాడు. ఇక మిరప కారానికే వస్తే, అది నిజంగానే హోమ్స్ దేశం దాకా వెళ్ళిన కేసు. 2003లో ఐరోపాకు భారత్ నుంచి వెళ్ళిన కారంలో సూడాన్-1 అనే, నూనెలకూ మైనానికీ వాడే ఎర్ర రంగు బయటపడింది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్ దుకాణాల నుంచి వందల రకాల తినుబండారాలను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆనవాలు పట్టుకుని వెనక్కి వెళితే అవన్నీ ఒక వోర్సెస్టర్ సాస్ దగ్గర, ఆ సాస్ భారత్ నుంచి వచ్చిన కల్తీ కారం దగ్గర తేలాయి. లండన్ డైనింగ్ టేబుల్ మీది సీసా నుంచి వేల మైళ్ళ దూరం నుంచి వచ్చిన కారం దాకా సాగిన ఆ అన్వేషణలో ఎవరూ హత్యకు గురికాలేదు. అయినా అంతకంటే ఉత్కంఠ గల కథాక్రమం ఏ రచయితకైనా ఊహించడం కష్టం. రంగు ఎక్కడ కలిసింది, ఎవరికి తెలిసి కలిసింది, ఎంతమంది కళ్ళు మూసుకున్నారు? ఈ మూడు ప్రశ్నలతో ఒక సీజన్ నడపవచ్చు.

తెలుగు ప్రేక్షకుడికి బుర్ర వాడే హీరో పట్టడని, ఫైట్లు లేకపోతే కుదరదని రెండో అభ్యంతరం. దీన్ని కాదనడానికి మన దగ్గరే సినిమాలున్నాయి. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల ఆధారంగా జంధ్యాల 1986లో తీసిన ‘చంటబ్బాయ్’లో చిరంజీవి జేమ్స్ పాండ్‌నని చెప్పుకునే పాండురంగారావు. అంత పెద్ద స్టారు తన మాస్ ఇమేజ్‌ను పక్కనపెట్టి, అరువు తెచ్చుకున్న డిటెక్టివ్ దర్జా మన ఊళ్ళో ఎంత నప్పదో నవ్వుతూ నవ్విస్తూ చూపించాడు. విడుదలైనప్పటికంటే తర్వాతి తరాలు ఆ సినిమాను ఎక్కువ ప్రేమించాయి. అయితే అది ఆ దర్జాను చూసి నవ్వడంతో ఆగింది, మన డిటెక్టివ్ ఎలా ఉండాలో చెప్పే పని పెట్టుకోలేదు. ఆ పని 2019లో స్వరూప్ ఆర్.ఎస్.జె. దర్శకత్వంలో వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ చేసింది. నవీన్ పొలిశెట్టి అప్పటికి పెద్ద పేరున్న హీరో కాదు. సినిమాలు చూసి పని నేర్చుకున్న, చిల్లర కేసులు చేసుకునే నెల్లూరు కుర్రాడి పాత్ర. మొదట నవ్విస్తాడు. తర్వాత రైలు పట్టాల పక్కన దొరికే అనామక శవాల దగ్గర కథ గంభీరమవుతుంది. చివరికి బయటపడేది అంత్యక్రియల మీద జనానికున్న నమ్మకాన్ని సొమ్ము చేసుకునే ముఠా. ఆ నేరం మన ఇళ్ళలో చావు జరిగినప్పుడు మనిషి ఎంత నిస్సహాయంగా ఎవరి మాటైనా నమ్ముతాడో తెలిసినవాడికే తడుతుంది, లండన్ నుంచి దిగుమతి చేసుకోలేరు. హోమ్స్‌ను తెలుగులోకి తెచ్చిన ప్రయత్నాల్లో నా లెక్కన ఇదే అన్నిటికంటే నిజాయితీ గలది, నేరం పూర్తిగా స్థానికం కాబట్టి. 2024లో వచ్చిన ‘వికటకవి’ సిరీస్ తెలంగాణ నేల మీద 1970 నాటి కథ చెప్పి ఆ దారిలోనే ఇంకో అడుగు వేసింది.

అసలు కొమ్మూరి యుగంధరే మద్రాసు మనిషి కదా, పాశ్చాత్య అపరాధ నవలల నీడలో పుట్టినవాడు కదా, ఆయన్ను మిరప టిక్కీల మధ్య నిలబెడితే యుగంధర్ అవుతాడా అని పాత అభిమానులు అడుగుతారు. ఇది బలమైన ప్రశ్న, దీన్ని తేలిగ్గా తీసేయకూడదు. ఇష్టమైన పాత్రను గుర్తుపట్టలేనంతగా మార్చేస్తే కలిగే బాధ నిజమైనది. ఆ పేరు పెట్టుకుని వేరే కథ అమ్ముకోవడం మోసమే. కానీ యుగంధర్‌ను యుగంధర్‌గా నిలిపేది మద్రాసు రోడ్లేనా? తొణక్కుండా వినే పెద్దమనిషి తరహా, పనిలో తర్ఫీదు పొందే రాజుతో ఆయనకున్న గురుశిష్య బంధం, స్వరాజ్యరావుతో స్నేహం, ఇవి ఎక్కడికైనా వెంట వస్తాయి. ఆ రోజుల్లో తెలుగువాళ్ళ సినిమా, పత్రిక, ప్రచురణ అన్నీ మద్రాసులో ఉన్నాయి కాబట్టి డిటెక్టివ్ కూడా అక్కడే కాపురం పెట్టాడు. ఇవాళ ఆయన ఆఫీసు గుంటూరు అరండల్‌పేటలో ఉంటే కొమ్మూరి నొచ్చుకోవలసిందేమీ లేదు. రాజు తెనాలి, పర్చూరు, అద్దంకి బస్సులెక్కి పురుగుమందుల షాపుల్లో బిల్లు పుస్తకాలు తిరగేస్తాడు. కావాలంటే రాజును అమ్మాయిని చేయండి, వాట్సన్‌కు జరిగినదే.

మన దేశంలో ప్రైవేటు డిటెక్టివ్‌కు చట్టబద్ధమైన అధికారమే లేదు, కథ నమ్మశక్యంగా ఎలా ఉంటుందని న్యాయం తెలిసినవాళ్ళు అనవచ్చు. నిజమే. ప్రైవేటు డిటెక్టివ్ ఏజెన్సీల నియంత్రణకు 2007లో రాజ్యసభలో బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. అరెస్టు చేయడానికి, సోదా చేయడానికి, ఎవరి ఫోను రికార్డులనో తెప్పించుకోవడానికి ఆయనకు హక్కు లేదు. అందుకే ఈ పాత్ర ఇవాళ మరీ అవసరం. ఇప్పటి పోలీసు థ్రిల్లర్లలో సీసీ కెమెరా, సెల్ టవరు, కుర్చీకి కట్టేసి కొట్టడం అనే మూడింటితో కేసు తేలిపోతోంది. కొడితే నిజం చెబుతాడన్న మాటను మన తెర ఇంత నిస్సంకోచంగా నేర్పుతుంటే, ఈ మిరప నేలల మీదే తరాల తరబడి ఆ దెబ్బలు తిన్న కుటుంబాలున్నాయని మరిచిపోతున్నాం. అధికారం లేని మనిషి అడగగలడు, చూడగలడు, లెక్క కట్టగలడు, అంతే. అతను గెలిస్తే సాక్ష్యం గెలిచినట్టు.

ఇక హక్కుల వ్యవహారం మిగిలింది. కోనన్ డాయిల్ 1930లో చనిపోయాడు, హోమ్స్‌ను ఇప్పుడు ఎవరైనా వాడుకోవచ్చు. కొమ్మూరి 1994లో కన్నుమూశారు. మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ళ దాకా హక్కులు వారసులవి, అంటే 2054 చివరి వరకు. యుగంధర్ పేరు కావలసినవాళ్ళు పద్ధతిగా ఆ కుటుంబాన్ని అడిగి, తగిన సొమ్ము చెల్లించి తీసుకోవాలి. వ్యోమకేశ్ విషయంలో బొంబాయి నిర్మాతలు చేసింది అదే. పరభాషల సిరీస్‌ల రీమేకు హక్కులకు తెలుగు నిర్మాతలు పెట్టే ఖర్చులో కొంత ఇటు మళ్ళించమని నా విన్నపం. హక్కులు కొన్నాక స్క్రిప్టు హైదరాబాదు ఆఫీసు గదుల్లో మొదలుపెట్టకండి. మార్చి నెలలో, సరుకు ముమ్మరంగా వచ్చే రోజుల్లో, మీ రచయితలను గుంటూరు యార్డుకూ, అక్కడి నుంచి స్టూవర్టుపురానికీ పంపండి. మొదటిచోట లెక్కలు చూసి రమ్మనండి, రెండోచోట మనుషులతో మాట్లాడి రమ్మనండి.